పది సీసాల నీళ్ళు

రెండేళ్ళ కిందట డిసెంబరులో మా ఆశ్రమ పాఠశాలకు మైదానం నుంచి ఒక వ్యాను వచ్చింది. సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు, ఈ నాలుగూ కలిపి 'స్టెమ్' అంటారట. బ్యానరు మీద అదే రాసి ఉంది. రెండు రోజుల వర్క్‌షాపు. పిల్లలు తీగ చుట్టి చిన్న మోటారు తిప్పారు. ప్లాస్టిక్ సీసాతో రాకెట్ ఎగరేశారు. అట్టగొట్టంలో కటకాలు బిగించి దూరదర్శిని చేసి, ఎదుటి కొండ మీద మేస్తున్న మేకల్ని లెక్కపెట్టారు. భోజనం గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. మా బడిలో అంత సంబరం మేము అంతకుముందు చూడలేదు.

రెండో రోజు సాయంత్రం ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి నిలబడింది. "ఇది నేర్చుకుంటే ఏ పని వస్తుంది?" అని అడిగింది. వచ్చినవాళ్ళు మంచివాళ్ళు. "ఇంజనీరు కావచ్చమ్మా, సైంటిస్టు కావచ్చు" అన్నారు. ఆ పిల్ల కూర్చోలేదు. "దానికి ఎక్కడ చేరాలి? పది తర్వాతా, ఇంటర్ తర్వాతా? ఎన్నేళ్ళు?" అంది. వాళ్ళు నవ్వి, "అవన్నీ మీ మేష్టార్లు చెబుతారు" అని మావైపు చూశారు. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

వ్యాను వెళ్ళిపోయింది. సామాన్లూ వ్యానుతోనే వెళ్ళిపోయాయి. ఆ పిల్ల ప్రశ్న మాత్రం మా దగ్గర ఉండిపోయింది.

మేము ముగ్గురం ఈ అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో పుట్టినవాళ్ళమే. ఒకరిది కొండదొర కుటుంబం, ఇద్దరివి భగత కుటుంబాలు. ముగ్గురం ఇంటర్ తర్వాత డీఎడ్ చేశాం. 2000 జనవరిలో మూడో నంబరు జీవో వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని దాని సారం. మేము కొలువుల్లో చేరింది ఆ జీవో అండతోనే. అందుకే పదో తరగతి పాసైన ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లవాడికీ ఒకటే మాట చెబుతూ వచ్చాం. "ఇంటర్‌లో ఏదో ఒక గ్రూపు తీసుకో, తర్వాత డీఎడ్ చెయ్యి, మాలాగే అవుతావు." లెక్కలంటే భయపడేవాళ్ళతో "అయితే సీఈసీలో చేరిపో" అన్నాం. ప్రేమతోనే అన్నాం. మాకు తెలిసిన దారి అదొక్కటే.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవో చెల్లదని తీర్పు ఇచ్చింది. అప్పటికే చేరిన మా ఉద్యోగాలు నిలిచాయి. మా మాట విని డీఎడ్ చేసిన వెనకటి పిల్లలకు ఆ దారి ఇరుకైపోయింది. వాళ్ళలో ఒకడు ఇప్పుడు సంతలో బల్ల వేసుకుని సెల్‌ఫోన్లకు రీచార్జి చేస్తాడు. మేము కనబడితే లేచి "నమస్తే మేష్టారూ" అంటాడు. ఏ రోజూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మాకు కష్టంగా ఉంటుంది.

హక్కు కోసం అడగడం ఒక పని. ఆ సభలకు మేమూ వెళుతున్నాం. కానీ పిల్లలందర్నీ ఒకే ఇరుకు బాటలోకి తోలినది మేమే. ఆ లెక్క మేమే చూసుకోవాలి.

అందుకని మా వర్క్‌షాపు మేమే పెట్టుకుందాం అనుకున్నాం. ముందు సైన్సు సామాను ఉన్న ఇనప బీరువా తెరిచాం. తోటి ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కర్లేదు. స్టాకు రిజిస్టరులో రాసి ఉన్న గాజు సామాను పగిలితే జవాబు చెప్పాల్సింది మనమే. ఆ భయంతో మేము ఆ తాళం ఏళ్ళ తరబడి ముట్టుకోలేదు. లోపల అయిదు వందల మిల్లీలీటర్ల కొలజాడీ ఒకటి, వంద మిల్లీలీటర్లది ఒకటి, రెండు థర్మామీటర్లు, కొన్ని కటకాలు, తుప్పు పట్టిన స్టాండ్లు ఉన్నాయి. అంతే.

వీటితో ఏం చెయ్యగలమో మాకు తోచలేదు. పిల్లల్నే అడిగాం. "మీ ఇంటి దగ్గర లెక్క ఎక్కడ తప్పుతుంది?" కొందరు రేషన్ డిపో అన్నారు, కొందరు ఉపాధి కూలి అన్నారు. ఎక్కువమంది సంత అన్నారు. మాఘ, ఫాల్గుణ మాసాలు మా దగ్గర పసుపు కాలం. తవ్వి, ఉడకబెట్టి, ఎండేసి, శుక్రవారం సంతకు మోసుకుపోతారు. "అమ్మ బుట్టలతో కొలిచి ఒక లెక్క చెబుతుంది, సంతలో కాటా ఇంకో లెక్క చెబుతుంది" అన్నాడు ఏడో తరగతివాడు. మాకు పాఠం దొరికింది.

మొదటి రోజు ఒక పిల్ల వాళ్ళ అవ్వను బడికి పిలిపించాం. ఆమె పాత కొలతపాత్రలు తెచ్చింది. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ఒక్కొక్కటి ముందుదానికి రెట్టింపు. కుంచానికి ఎన్ని సోలలు అని అడిగితే అక్షరం రాని అవ్వ ఠక్కున పదహారు అంది. రెండును నాలుగుసార్లు వేసుకుని గుణిస్తే పదహారు. అదే ఏడో తరగతిలో ఘాతాంకాల పాఠం. పిల్లలకు అది పుస్తకంలో అర్థం కాలేదు, అవ్వ చేతిలో అర్థమైంది. అయితే కుంచం కొలిచేది చోటును. కాటా తూచేది బరువును. అవ్వకు కుంచం మీద ఉన్న పట్టు కాటా మీద లేదు. కాటా ఎప్పుడూ అవతలివాడి చేతిలోనే ఉంది.

రెండో రోజు త్రాసు కట్టాం. కావలసినవి గజం పైన పొడవున్న తిన్నటి వెదురు కర్ర, రెండు తట్టలు, తాడు. కర్రను సరిగ్గా మధ్యలో కట్టి బడి ముందరి పనస కొమ్మకు వేలాడదీశాం. మధ్యలో ఎందుకు కట్టాలో మేము చెప్పనవసరం లేకపోయింది. మా పిల్లలు డోలీ చూసినవాళ్ళు. పెద్ద పిల్లల్లో కొందరు డోలీ కర్రకు భుజం పట్టినవాళ్ళు కూడా. డోలీ ఒక పక్కకు జరిగితే దానికి దగ్గరగా ఉన్నవాడి భుజం మీద బరువు ఎక్కువ పడుతుంది. "తాడు పక్కకు జరిగితే మన త్రాసూ అంతే మేష్టారూ" అని వాళ్ళే అన్నారు. మేము తులాదండం అనే మాట, దాని సూత్రం ఆ తర్వాతే చెప్పాం.

బరువులు ఎక్కడ? లీటరు మంచినీళ్ళు కిలో తూగుతాయి. మన అవసరానికి ఆ లెక్కలో తేడా చాలా తక్కువ. సీసా మీద లీటరు అని రాసి ఉన్నంత మాత్రాన మూతి దాకా నింపకూడదు, అందులో లీటరు కంటే ఎక్కువ పడుతుంది. అందుకే కొలజాడీతో అయిదు వందలు రెండుసార్లు కొలిచి పోశాం. సీసాకు కూడా బరువు ఉంటుంది. ఇటు నీళ్ళ సీసాలు ఎన్ని పెడితే, అటు సరుకు పక్కన అలాంటివే ఖాళీ సీసాలు అన్ని పెట్టాం. అలా పది కిలో సీసాలు, తర్వాత అయిదు వందలు, రెండు వందలు, వంద, యాభై గ్రాములవి తయారయ్యాయి. ఒకసారి తూచాక తట్టలు మార్చి, సరుకు అటు, నీళ్ళు ఇటు పెట్టి మళ్ళీ తూచాం. రెండుసార్లూ ఒకటే వస్తే త్రాసు నిజం చెబుతున్నట్టు. రాకపోతే కర్ర చేతులు సమానంగా లేనట్టు. మొదటిసారి మాకు రాలేదు. తాడు వేలెడు జరిపాక వచ్చింది.

ఆ వారమే మంగళవారం సాయంత్రం ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి వాళ్ళ ఇంటి పసుపు సంచి తూచాం. పన్నెండు కిలోల నాలుగు వందల గ్రాములు. శుక్రవారం సంతలో సావుకారు కాటా మీద సరిగ్గా పదకొండు కిలోలు. పిల్లలు మండిపోయారు. "కిలో నాలుగు వందలు మింగేశాడు!" అన్నారు. మాకూ కోపం వచ్చింది. కానీ మాలో లెక్కలు చెప్పేవారు ఒక ప్రశ్న వేశారు. "మధ్యలో రెండు రోజులు ఆ పసుపు ఎక్కడుంది?" ఎండలో ఉంది. పూర్తిగా ఎండలేదని వాళ్ళ అమ్మ మళ్ళీ ఆరబోసింది. నీరు పోయి బరువు తగ్గింది. అందులో ఎంత ఎండ తిన్నదో, ఎంత కాటా తిన్నదో మాకు తెలియదు. అంటే ఆ లెక్కతో మేము ఎవరినీ ఏమీ అనలేం. ముందు మన తప్పు తీసేస్తేనే ఎదుటివాడి తప్పు పట్టుకోగలం. వర్క్‌షాపు మొత్తంలో పిల్లలు నేర్చుకున్న అసలు సైన్సు అదేననుకుంటాం.

తర్వాతి వారం శుక్రవారం తెల్లవారుజామునే, సంతకు బయలుదేరే ముందు మూడు ఇళ్ళ సంచులు తూచాం. మూడూ ఆ సావుకారికే అమ్మారు. మా త్రాసులో 9 కిలోల 650 గ్రాములు ఉన్నది అక్కడ 9 కిలోల 100 అయింది. 14 కిలోల 200 ఉన్నది 13 కిలోల 400. 6 కిలోల 300 ఉన్నది 5 కిలోల 950. పిల్లలు భాగహారం చేశారు. మూడింట్లోనూ నూటికి అయిదున్నర, ఆరు మధ్యలో పోయింది. సంచి పెద్దదైతే ఎక్కువ, చిన్నదైతే తక్కువ, కానీ నిష్పత్తి ఒకటే. గ్రాఫు కాగితం మీద మూడు చుక్కలూ ఒకే గీత మీద పడ్డాయి. పొరపాటున పోయేదైతే ఒకసారి ఇటు, ఒకసారి అటు పోవాలి కదా. ఇంకో సావుకారికి అమ్మిన రెండు సంచుల్లో తేడా యాభై గ్రాములు దాటలేదు. అంత తేడా మా త్రాసుకే ఉండొచ్చు. కాబట్టి సావుకార్లందరూ దొంగలు అనే మాట కూడా పిల్లల చేత మానిపించాం.

ఇంతవరకు మాకు గర్వంగానే ఉంది. ఆ పై శుక్రవారం ఆ అమ్మాయి సంతకు వెళ్ళి, నలుగురిలో ఆ సావుకారితో "మీ కాటా తప్పు" అనేసింది. అతను నవ్వి ఊరుకున్నాడట. తర్వాత వాళ్ళ నాన్నను పక్కకు పిలిచి పాత బాకీ గుర్తు చేశాడట. సోమవారం పొద్దున్నే ఆయన బడికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "మా పిల్లకు చదువు చెప్పండి మేష్టారూ, సావుకారితో తగువు పెట్టుకోవడం నేర్పకండి. వానల్లో ఇంట్లో గింజ లేనప్పుడు అప్పు మీరిస్తారా?" అన్నాడు.

మా దగ్గర జవాబు లేదు. కొలవడం నేర్పాం. కొలిచాక ఏం చెయ్యాలో మేమూ ఆలోచించలేదు. ఆ సాయంత్రం ముగ్గురం వాళ్ళ ఊరు నడిచి వెళ్ళాం. తప్పు మాది అని చెప్పాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "తూకంలో పోతుందని మాకు తెలీదనుకున్నారా? మా నాన్నకూ తెలుసు. అప్పు పుట్టేది కూడా అక్కడే కదా. ఎంత పోతుందో తెలీదు, అంతే." అప్పుడు ఆ పిల్ల గుమ్మంలోంచి చెప్పింది. "నూటికి అయిదున్నర పైన, నాన్నా. మనం ఏడాదికి రెండు వందల కిలోలు అమ్మితే పదకొండు కిలోలు పోతుంది." ఆయన వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకున్నాడు. "అయితే వడ్డీ ఒకటి కాదు, రెండు కడుతున్నాం" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

పెద్ద మార్పు ఏదో వచ్చిందని మేము చెప్పం. ఆయన ఇప్పటికీ ఆ సావుకారికే అమ్ముతాడు. కానీ సంత రోజు తెల్లవారకముందే పనస చెట్టు కింద ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు సంచులతో వచ్చి నిలబడతారు. తూయించుకుని, ఆ అంకె గుర్తు పెట్టుకుని బయలుదేరతారు. సంతలో కాటా మీద పెట్టేముందే "పది కిలోలుంది బాబూ, చూడు" అంటారు. కొందరు జీసీసీకి వేస్తున్నారు, అప్పు లేనివాళ్ళు సరైన కాటా ఉన్నవాడికి వేస్తున్నారు. అంతే జరిగింది.

ఆ పిల్ల మళ్ళీ అడిగింది. "ఈ కాటాలు సరిచూసే ఉద్యోగం ఏదైనా ఉందా మేష్టారూ?" ఈసారి మేము ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. సోమవారం చెబుతామన్నాం. కనుక్కున్నాం. తూనికలు కొలతల శాఖ ఉంది, లీగల్ మెట్రాలజీ అంటారు. 2009లో చేసిన చట్టం ఉంది. వ్యాపారి వాడే కాటాను నిర్ణీత కాలానికోసారి సరిచూసి ముద్ర వెయ్యాలి. ఆ అధికారి కావాలంటే భౌతికశాస్త్రం ఒక సబ్జెక్టుగా సైన్సు డిగ్రీ గాని, ఇంజనీరింగ్ డిగ్రీ గాని ఉండాలి. లేదా ఇంజనీరింగ్ డిప్లొమా, మూడేళ్ళ అనుభవం ఉండాలి. కాటాలు బాగుచేసేవాళ్ళకు కూడా లైసెన్సు ఉంటుంది.

అది చెబుతున్నప్పుడే మా తప్పు మాకు పూర్తిగా కనబడింది. డిగ్రీలో భౌతికశాస్త్రం కావాలంటే ఇంటర్‌లో సైన్సు గ్రూపు ఉండాలి. "లెక్కలు రావా, అయితే సీఈసీలో చేరిపో" అని మేము అన్న రోజునే, పదహారేళ్ళ పిల్లకు ఆ తలుపు మూసేశాం. ఆ సంగతి ఆ పిల్లకూ తెలియదు, మాకూ తెలియదు.

ఇప్పుడు మా వరండా గోడ మీద ఒక పెద్ద కాగితం ఉంది. ప్రతి వర్క్‌షాపు తర్వాత దాని మీద ఒక వరస రాస్తాం. మేము చేసిన పని, అది ఏ పాఠం, బయట ఆ పని ఎవరు చేస్తారు, అక్కడికి ఏ తరగతి నుంచి ఏ దారి పోతుంది. పసుపు తడి లెక్క పక్కన వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి రెండేళ్ళ డిప్లొమా రాసి ఉంది, అది పది తర్వాతే. చింతపల్లిలోని వ్యవసాయ పరిశోధన స్థానం పేరూ ఉంది. అక్కడ మన పంటల మీదే పని జరుగుతుందని చాలామంది పిల్లలకు తెలియదు. ఎలక్ట్రానిక్ కాటా పక్కన ఐటీఐలో రెండేళ్ళ ఎలక్ట్రానిక్ మెకానిక్ కోర్సు, పాలిసెట్ రాసి చేరే మూడేళ్ళ డిప్లొమా ఉన్నాయి. పదో తరగతి మార్కుల మీదే సీటు ఇచ్చే ట్రిపుల్ ఐటీలు నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళంలో ఉన్నాయని రాశాం. దరఖాస్తు నెలలు ఎర్ర సిరాతో రాశాం, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువగా ఓడిపోయేది పరీక్షలో కాదు, తేదీ దాటిపోయి. ఆ వరసల్లో డీఎడ్ కూడా ఉంది. తీసెయ్యలేదు. అది ఇప్పుడు అన్ని దారుల్లో ఒకటి.

తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. ఈ కాగితం మీద ఉన్నవి దారులు. చివరన ఉద్యోగం ఖాయంగా ఉంటుందని మేము చెప్పం. ఒకసారి అలా చెప్పి చూశాం. కానీ ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో లెక్కలూ సైన్సూ వదిలేస్తే ఈ వరసల్లో చాలావాటికి అప్పుడే దూరమవుతారు. అది మాత్రం ఖాయం. అర్థం కాకపోతే మమ్మల్ని పీడించండి. ఆ పిల్లలాగా కూర్చోకుండా నిలబడి అడగండి.

తోటి ఉపాధ్యాయులకు ఇంకో మాట. మీ బడికి వ్యాను వస్తే రానివ్వండి, పిల్లల సంబరం చిన్నది కాదు. కానీ అది వచ్చేముందు బీరువా తాళం తియ్యండి. పిల్లల ఇంట్లో లెక్క ఎక్కడ తప్పుతుందో అడగండి. పాఠం కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో, కోయలోనో మొదలైనా పరవాలేదు, తెలుగు మాట తర్వాత వస్తుంది. కొలజాడీ పగిలితే రిజిస్టరులో పగిలిందని రాద్దాం. మాది ఒకటి పగిలింది. రాశాం. ఏమీ కాలేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఎంపీసీలో చేరాలా, పాలిసెట్ రాయాలా ఇంకా తేల్చుకోలేదు. వాళ్ళ నాన్న ఆడపిల్లను అంత దూరం పంపనంటున్నాడు. దరఖాస్తులు మొదలయ్యేలోగా మేము ముగ్గురం మళ్ళీ ఆ ఊరు నడిచి వెళ్ళాలి. ఈసారి హాస్టలు ఖర్చు, బస్సు చార్జీ, స్కాలర్‌షిప్పు, అన్నీ కాగితం మీద రాసుకుని వెళతాం. ఆయన వేళ్ళ మీద లెక్క వేసుకుంటాడు. ఆయన లెక్క ముగిసేదాకా మేము కూర్చుంటాం.